ఉపవాసంలో శెనక్కాయలు

డెబ్బైల్లో, కార్తె మీద కార్తె పోతున్నా చినుకు పడని ఏడాది, మా సంఘం ఆడోళ్లందర్నీ గుత్తి చర్చిలో రెండు దినాలు ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టినారు. తెల్లచీరలు కట్టుకుని పోయినాం. నేనా ఆకలికి ఆగే మనిషిని కాను. ఇంట్లో ఉండేవి విత్తనానికి ఒలిచిపెట్టిన శెనక్కాయలే. మా అత్తకు తెలీకుండా శేరు తీసి, వేయించి, బైబిలు సంచిలో వేసుకున్నా.

రెండో దినం పాస్టరమ్మ విడపనకల్లుతో మొదలుపెట్టి ఒక్కో ఊరికీ పేరుపేరునా వాన అడగతా ఉంది. అందరూ కండ్లు మూసుకోనుంటే నేను పొట్టు నలిపి పప్పులు నములుతా, పక్కన కునికే ఆమెను చూసి 'ఈమెదీ ఒక భక్తేనా' అనుకున్నా. పైగా సాక్ష్యం చెప్పమంటే అందరికంటే ముందు లేచినా.

"ప్రభువు నాకు ఆకలే తెలీకుండా చేసినాడు," అన్నా గొంతు వణికిస్తా.

చేతులు పైకెత్తేసరికి కొంగులోని ఎర్రపొట్టంతా చాప మీదికి రాలింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది. ముందు వరసలో కూర్చోనుండిన మా అత్త వెనక్కి తిరిగి, ఆ పొట్టును వేలికి అద్దుకుని చూసింది.

"దేవుడు వాన ఇస్తాడులేమ్మీ," అనింది మెల్లిగా. "విత్తేకి నువ్వేమన్నా మిగిలిచ్చినావా?"