తాలింపు వాసన రాని పాళెం

నిజం చెప్పేస్తాను. పోయిన నెల నేను సముద్రపు ఒడ్డుకు బయలుదేరింది వంజరం చేప వేపుడు కోసం. మా బావ రాఘవయ్య టీకాలు వేసే ఉద్యోగి. అల్లూరు అవతల, కాలువ దాటాక చేపలు పట్టేవాళ్ల పాళెం ఒకటుంది. ఆదివారం అక్కడ మశూచి టీకాలు వేయాలి, తోడు రమ్మన్నాడు. నేను నెల్లూరు హైస్కూల్లో సోషల్ చెప్పే అయ్యవారిని. చైనా యుద్ధం అయినప్పటినుంచీ దేశ రక్షణ అంటే సరిహద్దులూ సైన్యమూ అని పిల్లలకు బల్లగుద్ది చెబుతున్నాను. బావ పెట్టెలోని మందు రష్యా వాళ్లు మన దేశానికి ఉచితంగా ఇచ్చినదని తెలిశాక, దాని వెంట నడవడం కూడా దౌత్యమేనని ఛాతీ విరుచుకున్నాను. వేపుడు మాట మాత్రం బావ దగ్గర ఎత్తలేదు.

ఆరు గంటల బస్సెక్కితే కొడవలూరు పొలాల మీదుగా ఏడున్నరకల్లా అల్లూరులో దిగాం. టిక్కెట్టు ముప్పావలా. వేడివేడి ఇడ్లీలు తిని ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాం. కాలువ దాకా రూపాయి. బండి సుబ్బయ్య దారి పొడుగునా పెట్టె వంకే చూస్తూ వచ్చాడు. "ఈ ఎండకి మందు చెడిపోదా సారూ?" అని అడిగాడు. "పాత మందయితే చెడిపోయేదే. ఇది పొడి. నీళ్లు కలిపినాక మాత్రం ఆ పూటకే వాడాల," అన్నాడు బావ. బల్లకట్టు మీద కాలువ దాటి, ఇసకలో చెప్పులు చేత పట్టుకుని నడిచి, పది దాటాక పాళెం చేరాం.

ఊరిపెద్ద ఎదురొచ్చి ఎవరికీ ఏ జబ్బూ లేదన్నాడు. టీకాలు కూడా అక్కర్లేదట. బావ ఇల్లిల్లూ తిరిగాడు. మశూచి అమ్మవారు పోసిన ఇంటికి గుర్తుగా కట్టే వేపమండ ఎక్కడా గుమ్మాన కనిపించలేదు. తల్లులు మాత్రం పిల్లల్ని కొంగుల్లో దాచుకుని లోపలికి పోయారు. నేను శాస్త్రం గురించీ, రష్యా మందు గురించీ, ప్రపంచ శాంతి గురించీ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. రెండు కుక్కలు విన్నాయి.

మధ్యాహ్నం అయింది. నాగమ్మ అనే అవ్వ మమ్మల్ని తన పంచలో కూర్చోబెట్టి మజ్జిగన్నం పెట్టింది. ఆమె ముఖం నిండా పాత మశూచి మచ్చలు. నాకు ఉక్రోషం ఆగలేదు.

"అవ్వా, ఇంత సముద్రాన్ని పక్కన పెట్టుకుని మజ్జిగన్నమా? వేపుడు లేదా?"

"ఈ పూట లేదు నాయనా."

"పోనీ, పక్కింట్లో?"

"ఆళ్లూ చెయ్యలేదు."

బావ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తలెత్తి గాలి పీల్చాడు. ఎండుచేపల వాసన తప్ప ఏమీ లేదు. మిట్టమధ్యాహ్నం, ఇన్ని ఇళ్లు, ఒక్క పొయ్యి మీదా ఆవాలు చిటపటలాడటం లేదు. అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు పెట్టరు, వేపుళ్లు చెయ్యరు. ఇరుగుపొరుగు కూడా అంతే. మేం ఇసకలో నడిచి రావడం చూసి వేపమండలైతే తీసి దాచారు గానీ, లేని తాలింపు వాసనను ఎక్కడినుంచి తెస్తారు?

"అమ్మోరు ఎవురికి పోసింది అవ్వా?" అన్నాడు బావ మెల్లగా.

అవ్వ లేచి తలుపు వారగా తీసింది. లోపల ఆమె పదేళ్ల మనవరాలు పడుకుని ఉంది. అదే ఇంట్లో నాలుగు నెలల చంటిది, కోడలి చంకలో. "పేరు రాసుకుంటే బండేసుకొచ్చి బిడ్డని ఎత్తకపోతారంట గదా. నేనియ్యను," అంది. ఆ చంటిదాన్ని చూస్తే నాకు భయం వేసింది. వేపుడు సంగతి ఆ క్షణంలోనే మరిచిపోయాను.

బావ పెట్టె తెరవలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "బిడ్డ ఈణ్ణే ఉంటాది అవ్వా. ఎవురూ ఎత్తకపోకుండా చూసే పూచీ నాది. నీకు ఎప్పుడో పోసి పోయింది కాబట్టి నువ్వొక్కదానివే దాని కాడ ఉండు. కోడలూ చంటిదీ వేరే ఇంట్లో ఉండాల. మిగిలినోళ్లకి టీకా వేసుకుందాం. అమ్మోరికి దణ్ణం పెట్టుకునే వేస్తాను."

అవ్వ నా వైపు తిరిగింది. "రష్యా వోళ్లు మనకి మందెందుకిచ్చినారు అయ్యోరా? చుట్టాలా?"

నేను ఐక్యరాజ్య సమితి దాకా పోబోయాను. బావ మోకాలితో నన్ను పొడిచాడు. "వోడలు అటూ ఇటూ తిరగతా ఉంటాయి అవ్వా. ఈ జబ్బు మన కాడుంటే వాళ్లకీ పోతాది."

"అయితే వాళ్ల భయం వాళ్లదే."

"ఆ. మన భయమూ అదే గదా."

అవ్వ నవ్వింది. లేచి లోపల అమ్మవారికి దణ్ణం పెట్టి, చంటిదాన్ని తనే ఎత్తుకొచ్చి బావ ముందు కూర్చుంది. బావ పొడిలో నీళ్లు కలిపాడు. చంటిదాని చేతి మీద చుక్క వేసి, ముళ్లున్న చిన్న బిళ్లను ఆనించి తిప్పాడు. పాళెమంతా వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని వచ్చిన వాళ్లే వరసలో నిలబడ్డారు. నేను పేర్లు రాశాను. నాలుగున్నరకు మందు అయిపోయింది. చీకటి పడేలోపు అల్లూరులో బస్సు అందింది.

రక్షణ పాఠం ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. సైన్యాన్ని తీసేయలేదు. దాని పక్కన ఒక చంటిదాన్నీ, మన ముఖం కూడా ఎరగని దేశం వాళ్లు సీసాలో పోసి పంపిన పొడినీ, ఉపన్యాసం ఇవ్వకుండా నేల మీద కూర్చున్న మా బావనూ చేర్చాను. రెండు దేశాల మధ్య జరిగిన పెద్ద మాటలు ఆ పంచలో చిన్న మాటలు కలవకపోతే పెట్టెలోనే ఉండిపోయేవి. మీరు కూడా ఆ ఒడ్డుకు పోతే ఒక్కటి గుర్తుంచుకోండి: మధ్యాహ్నం వేళ ఊళ్లో తాలింపు వాసన రాకపోతే, ఏం వండారని కాదు, ఎవరికి బాగాలేదని అడగండి.

మొన్న బండి సుబ్బయ్య నెల్లూరు బజారులో కనిపించాడు. మనవరాలు లేచి తిరుగుతోందట. చంటిదానికి టీకా పొక్కి మానిందట, ఒంటి మీద ఇంకొక్క పొక్కు లేదట. "అవ్వ మీకు ఒక మాట చెప్పమనింది సారూ," అన్నాడు. "తాలింపు పెట్టినాం, అయ్యోరిని రమ్మను అనింది."