మేనత్త నడుములో సిమెంట్

"అమ్మ ఇగ లేదురా" అని మేనత్త కొడుకు, మా బావ ఫోన్ చేసినప్పుడు నేను వరంగల్ బస్సులోనే ఉన్నాను. ఆమెను చూడడానికే పోతున్నాను. మా మేనత్త మంచం పట్టిందనీ, ఛాతీలో నెమ్ము చేరిందనీ తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ఊరుకుంటుందా? కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆమె, మామయ్య మరిపెడ వైపు నుంచి బతకడానికి వచ్చి ఖిలా వరంగల్ దగ్గర నిలదొక్కుకున్నారు. మామయ్య మేస్త్రీ. ఆయన గోడ కడితే సిమెంట్ మాలు తట్ట మోసేది ఆమె. నా ఇంటర్ చదువు వాళ్లింట్లోనే సాగింది. పని నుంచి వచ్చి, జుట్టులో దుమ్మైనా దులుపుకోకముందే "తిన్నవా బిడ్డా?" అనేది. తిన్నానన్నా నమ్మేది కాదు, గిన్నె మూత తీసి చూసేది. బజారుకు పోతే ఏదో ఒక మేడ ముందు ఆగి, "గా స్లాబు మీ మామ పోసిండంటరు గని, మోసింది నేను" అనేది. మామయ్య వినబడనట్టు ముందుకు నడిచేవాడు.

పోయినేడు ఎండాకాలం నీళ్ల బిందె ఎత్తబోయి కూలబడింది. నడుము పట్టిందనుకుని నూనె రాసి కాపడం పెట్టారు. తగ్గక దవాఖానకు తీసుకుపోతే, ఎముకలు గుల్లబారి వెన్నుపూస ఒకటి నలిగిందని తేలింది. సూదితో ఆ పూసలోకి సిమెంట్ ఎక్కించారు. నొప్పి తగ్గి మరునాడే లేచి నడిచింది. "ఇన్నేండ్లు నెత్తి మీద మోస్తి, ఇప్పుడు నడుముల పోసుకున్న" అని వార్డునంతా నవ్వించింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది నేనూ విన్నాను. "బాగైంది ఒక్క పూసనే పెద్దమ్మా. మిగతావి గుల్లగనే ఉన్నయి. ఒకటి విరిగినోళ్లకు ఇంకోటి విరిగే భయం ఎక్కువ, దాని పక్కదే పోవచ్చు. నేను చెప్పేదాక బెల్టు తియ్యొద్దు. ఎముకల మందు ఆపొద్దు. బరువులెత్తొద్దు."

మామయ్య అన్నిటికీ తలూపాడు. కానీ ఆయన చెవిలో నిలిచింది సిమెంట్ అన్న ఒక్క మాటే. జీవితమంతా అన్నం పెట్టిన మాట మరి. కొన్నాళ్లు ఆమెను మంచం దిగనివ్వలేదు, సిమెంట్ గట్టిపడాలె, ఇది క్యూరింగు అన్నాడు. తర్వాత ఒకరోజు నడుముకున్న బెల్టు తానే విప్పాడు. "స్లాబు గట్టిపడ్డంక కింద సెంట్రింగు చెక్కలు ఉంచుతరానే? ఇగ ఫికర్ లేదు" అన్నాడు. మందులు కూడా ఆగిపోయాయి. ఆమె సంబరంగా ఇల్లు ఊడ్చుకుంది.

బియ్యం సంచి జరపబోతే పై పూస నలిగింది. ఈసారి మనిషి వంగిపోయి మంచం పట్టింది. సిమెంట్ పోసినందుకు పక్క పూస మీద భారం పెరిగిందా, ఎముకలో బలం లేకనే పోయిందా అని బావ అడిగితే, గట్టిగా చెప్పలేమంది డాక్టరమ్మ. మందు మాత్రం ఆపకుండా ఉండాల్సింది అంది. మామయ్య వార్డు బయటికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి నడుము ఉంటే, డాక్టరు మాట చివరిదాకా వినండి. చెప్పదలచుకున్నది అంతే, ఆయన మీద నాకు కోపం లేదు.

ఆమెకైతే అసలే లేదు. ఆయన కుమిలిపోయి తిండి మానేస్తాడేమో అన్నదే ఆమె దిగులు, తన నొప్పి దాని తర్వాతే. చుట్టాలెవరైనా "బెల్టు ఎవరు ఇప్పమన్నరు?" అని మొదలుపెడితే, "నేనే ఇప్పిన. ఉక్కపోస్తాంటే ఏం చెయ్యాలె?" అని అడ్డం పడేది. ఆయన మంచం పక్కన తల వంచుకుని కూర్చుంటే, "నీ పనిల తప్పు లేదయ్యా. సిమెంట్ మంచిదే. గోడనే పాతది" అనేది. ఆ మాటకు ఆయన నాలుగు మెతుకులు తినేవాడు. ఓదార్చడం అంటే ఏమిటో నాకు నేర్పింది ఆమెనే.

మావాళ్లలో పూడ్చిపెడతారు. మూడో రోజు సమాధి మీద పాలు పోయడానికి పోయినప్పుడు, దాని మీద చిన్న గద్దె కడదామని బావ ఆటోలో ఇటుకలు, సిమెంట్ సంచి తెచ్చాడు. మామయ్య సంచి మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"వద్దు బిడ్డా. ఆమె మీద ఇగ బరువు పెట్టకు."

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఆ తడి మట్టిని ఒట్టి అరచేత్తో మెల్లగా సాపు చేస్తూ ఉండిపోయాడు. మేం పిలిచినా లేవలేదు.