రెండు ఫోటోల గేటు పాసు

ఇనుప గనులు కొత్తగా తెరిచిన ఆ రోజుల్లో మా ఆయన భూషణం కిరందుల్‌లో కూలీ. మా ఊరు భోపాల్‌పట్నం వైపు మాత్రం ఆయన వీధినాటకాల్లో రాణి. నేను చదివింది మూడో తరగతే అయినా, ఈ రెంటిలో ఏది పెద్దదో నాకు తెలుసు.

రాణికి మీసం ఉండదు. గేటు పాసు మీది ఫోటోలో మాత్రం గుబురు మీసం. ఆ దసరాకు కాలనీ తెలుగువాళ్లు ఆట ఆడమన్నారని ఆ మీసం గొరిగించుకున్నాడు. మర్నాడు గేటు దగ్గర గార్డు ఆపేశాడు. ఒకడి పాసు మీద వాడి తమ్ముడు పనికి పోవడం అప్పట్లో మామూలే. నువ్వు భూషణం తమ్ముడివి, అన్నను పంపమని హిందీలో కసిరాడు. మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు.

రెండో రోజు ఈయన వేషాల పెట్టె తెరిచి, రాజు మీసం తీసి బంకతో అంటించుకున్నాడు.

"ఏందయ్యా, రాజు వేషంల గనికి పోతవా?" అన్నాను.

"గేటు దాటేదాక రాజునే. దాటినంక కూలోన్నే."

గేటు దాటాడు. మధ్యాహ్నం చెమటకు, ఎర్రదుమ్ముకు మొహం తుడుచుకుంటే సగం మీసం తువ్వాలుకొచ్చింది. ఎదురుగా కూలీల హాజరు రాసే బాబు చక్రధరరావు. పాసు లాక్కున్నాడు.

మూడో రోజు ఈయన్ని వెంటబెట్టుకుని నేనే ఆఫీసు మెట్లెక్కాను.

"మీసం దొంగది సారూ, మనిషి దొంగోడు కాదు. పదేండ్ల సంది కాపురం జేస్తున్న, నాకెరుక లేదా?"

చక్రధరరావు నవ్వు ఆపుకుని, మీసమైనా పెంచమను, ఆటలైనా మానమను అన్నాడు. అప్పటిదాకా తలొంచుకున్న మా ఆయన తలెత్తాడు.

"పని ఇడిచిపెడత గని ఆట ఇడిచిపెట్ట సారూ."

నేను ఆయన మోచెయ్యి గిల్లాను. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పనితోనే.

చక్రధరరావు ఆయన నున్నటి మొహాన్నీ, పాసు మీది మీసాన్నీ పోల్చి చూశాడు. చివరికి బజారు నుంచి ఫోటో తీసేవాణ్ణి పిలిపించి, మీసం లేని ఫోటో కూడా పక్కనే అంటించి, రెంటి మీదా పడేలా ఒకటే ముద్ర గుద్దాడు.

తర్వాత పద్దెనిమిదేళ్లు ఏ గార్డూ ఆపలేదు.

పని మానేసిన రోజు పాసు తిరిగి ఇచ్చేయాలన్నారు. ఆయన నీళ్లతో తడిపి, మీసం లేని ఫోటోను మెల్లగా ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"మీసపోడు కంపెనీ మనిషే. ఇది మనది."

ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చెంప మీద సగం ముద్ర మాత్రం ఎంత తుడిచినా పోలేదు.