గుత్త పాతదే, నేల ధర సగం

పోయిన నెల ఒక బుధవారం ఉదయం ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నా భార్య కన్నుమూసింది. జమ్మలమడుగు మిషన్ బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైంది. ఆమె ఒక్క షేరూ కొనలేదు. అయినా, కొత్తగా షేర్లు కొనే నా పాత విద్యార్థులకు చెప్పదగిన మాట ఆమెదే.

సగం అంటే ఆమెకు సరిపోయేది కాదు. బట్టల అంగట్లో "సగం ధరకేనమ్మా" అంటే, "దేంట్లో సగమప్పా?" అనేది. "టీచరమ్మ వచ్చిందిరా, లెక్క సరిగ్గా చెప్పండి" అని అంగడాయన నవ్వేవాడు.

అప్పట్లో ఊళ్లల్లో ఫ్యాక్షన్ కొట్లాటల రోజులు. నేను ప్రొద్దుటూరు కాలేజీలో లెక్చరర్ని. సొంత ఇంటికని ఇద్దరం కూడబెట్టిన డబ్బు బ్యాంకులో ఉంది. ఒక ఆదివారం పత్రికలో ఒక షేరు చూపించాను. ధర పదహారు, డివిడెండు నాలుగు. నూటికి ఇరవై ఐదు.

"పోయినేడు షేరెంతుండె?" అంది.

"నలభై."

"డివిడెండు?"

"నాలుగే. అప్పుడు నూటికి పదే, ఇప్పుడు ఇరవై ఐదుకు పెరిగింది."

"పెరిగిందేముంది మామా? భిన్నంలో పైది అట్లే ఉండాది. కిందిది కరిగింది."

మళ్లీ ఆమే అంది: "మా ఊర్లో కొట్లాటలప్పుడు నేలలమ్మే బ్రోకరు ఇట్లే చెప్పె. గుత్త పాతదే, నేల ధర సగం, శానా గిట్టుబాటని. మా నాయన ఒకటే అడిగె, ఆ గుత్త కట్టేటోడు యాడుండాడప్పా అని. కౌలుదారు అప్పుటికే ఊరిడిచి మైదుకూరు పోయినాడు."

"కంపెనీలో కొట్లాటలుంటాయా మే?"

"నాకేం తెలుసు. ధర పడిందంటే ముందే ఎవరికో ఏందో తెలిసింటాది. అదేందో కనుక్కో."

కనుక్కోలేదు. చదువుకున్నవాణ్ణి, అడగడానికి నామోషీ. ఇంటి డబ్బులో సగం పెట్టాను. మరుసటి ఏడు డివిడెండే లేదు. షేరు మూడు రూపాయలకు వచ్చింది. అప్పుడు కంపెనీ పాత లెక్కలు తెప్పించి చదివాను. ఆ నాలుగు రూపాయలు లాభంలోంచి వచ్చినవి కావు. అప్పు తెచ్చి పంచారు. కొనకముందే చదవగలిగేవాణ్ణి.

ధర పడినవన్నీ చెడ్డవి కావు. భయపడి అమ్ముకున్న మంచి నేలలూ మా వైపు ఉన్నాయి. కనుక్కున్నవాడికే తేడా తెలుస్తుంది.

రెండు గదులనుకున్న ఇల్లు ఒక గదితో ఆగింది. డబ్బు పోయిందని తెలిసిన రోజు ఆమెకు చెప్పడానికి వెళ్లి వాకిట్లో నిలబడిపోయాను. ఆమె నా ముఖం చూసి, "ఒక గది తక్కువైతే ఊడ్చేది తక్కువ మామా, రా, అన్నం తిను" అంది. తరువాత ఏ తగవులోనూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

రెండో గదికి వేసిన పునాది అలాగే ఉండిపోయింది. అందులో ఆమె ఏటా చిక్కుడు పెట్టేది. ఈసారి కాయలు కోసేవాళ్లు లేరు. పందిరి మీదే ఎండిపోయాయి. గాలి వీస్తే లోపల గింజలు కదులుతున్నాయి.