రెండు బాక్సుల నడిమి కుర్చీలు

బస్సు పావగడ దాటాక మా చెల్లెలి మనవరాలు తన ఇయర్‌ఫోన్లు తీసి నా చెవుల్లో పెట్టింది. అప్పటిదాకా ఎముకల్లో మోగుతున్న ఇంజను రొద అణిగిపోయింది. పాటేమీ లేదు. కండక్టరు విజిలు మాత్రం సన్నగా వినబడింది.

"దీంట్లో చిన్న మైకు ఉంటాదవ్వా. బయటి మోత విని, దానికి సరిగ్గా ఎదురు మోత చేసి చెవిలోకి ఇడుస్తాది. రెండూ కలిస్తే సున్నా."

"సున్నా కాదులే, విజిలు ఇనబడింది. ఒకే తీరున సాగే రొదకైతే బాగా పనిచేస్తాది. ఇది మా రంగప్ప మేష్ట్రు ఎప్పుడో చెప్పినాడు" అన్నాను. పిల్ల నమ్మలేదు.

1988లో వై.ఎన్.హొసకోటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను లెక్కలు చెప్పేదాన్ని, రంగప్పగారు సైన్సు చెప్పేవారు. ఏ వస్తువు చెడినా విప్పే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూడటం ఆయన అలవాటు. ఆ యేడు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది, ఫీజులు రాలేదు. టెంపరరీ టీచర్లం నేనూ ఇంకొకావిడా ఉంటే, ఒకరినే ఉంచుకుంటామని బడి కమిటీ తేల్చింది. నా గొంతు వెనక బెంచీలకు ఆనదని కమిటీ పెద్దాయన ఒకరు అప్పటికే అంటున్నారు. స్కూల్ డే నాడు వార్షిక నివేదిక చదివే పని నాకే పడింది. అది వాళ్ల చెవిన పడకపోతే నా ఉద్యోగం పోయినట్టే.

కార్యక్రమానికి ముందు మైకు సరిచూశాం. వేదికకు అటొక స్పీకరు బాక్సు, ఇటొక బాక్సు, ఎదురుగా నడుమ కమిటీవాళ్ల కుర్చీలు. నాలుగు వాక్యాలు చదివాను. కుర్చీల దగ్గర నిలబడిన మైకుసెట్టు ఓబులేసు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఏం ఇనబడల్యా మిస్సూ. మీ గొంతే సన్నం. పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?"

నివేదిక హెడ్మాస్టరుకు ఇచ్చేద్దామని మెట్లు దిగబోయాను.

"యాడికమ్మా? చదువుతా ఉండు" అన్నారు రంగప్పగారు. తల ఒక పక్కకు వంచి, ఎడమ బాక్సు నుంచి కుడి బాక్సు దాకా నడిచారు. వెనక్కి వచ్చి నడిమి కుర్చీ దగ్గర ఆగారు.

"ఆ కొసన గణగణ, ఈ కొసన గణగణ. ఈడ మాత్రం నోట్లో గుడ్డ కుక్కినట్ల ఉండాది. గొంతుదే తప్పయితే అన్ని తావులా సన్నంగా ఉండాల కదప్పా ఓబులేసూ. ఒక బాక్సుకు వైర్లు తిరగేసినావు."

"పొద్దున పెట్టిన పాట బాగానే వచ్చింది గదా సార్?"

"బాక్సు పక్కనే కూర్చోని ఇంటే రాకుండా ఏమైతాది?"

ఒక బాక్సు గాలిని ముందుకు తోసేటప్పుడే రెండోది వెనక్కి లాగుతోందట. రెండింటికీ సమాన దూరంలో ఉన్న చెవికి తోపూ లాగుడూ ఒకేసారి చేరి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఐదుకు మైనస్ ఐదు కలపడమే కదా, నాకు వెంటనే తలకెక్కింది. ఓబులేసు ఒక బాక్సు వెనక రెండు వైర్లూ అటుదిటు మార్చాడు.

రంగప్పగారు గోడ అవతల మోగుతున్న వేరుశనగ మిల్లు వైపు చూశారు. "ఆ మోతను గూడా ఇట్లే చంపొచ్చు. దాన్ని ఇనేదానికి ఒక మైకు, తిరగేసి పలికేదానికి ఒక బాక్సు. మోత చెవిన పడేలోగా అంత బిన్న తిరగేసే మిషనే మన దగ్గర లేదు."

"అయితే ఎదురుగా ఇంకో మిల్లు పెడదామా సార్?" అన్నాడు ఓబులేసు.

"పెట్టప్పా. శనక్కాయలు యాడుండాయి?"

నేను నవ్వుతూనే మైకు ముందుకు వెళ్లాను. కార్యక్రమంలో ఆ పెద్దాయన సరిగ్గా నడిమి కుర్చీలోనే కూర్చున్నారు. నివేదిక అయ్యాక, "గొంతు కంచు మాదిరి ఉండాది. సన్నమన్నది ఎవరప్పా?" అని పక్కవాళ్లను అడిగారు. జూన్ నుంచి నేను పర్మనెంటు.

రిటైరయ్యే దాకా, ఏ పిల్లయినా లెక్క అర్థం కాలేదంటే, కాస్త జరగమని ఆ బెంచీలో ముందు నేను కూర్చునేదాన్ని. చాలాసార్లు అక్కడి నుంచి బోర్డు మీద కిటికీ వెలుగు తప్ప ఒక్క అంకె కూడా కనిపించేది కాదు.