కుంకం కింద అంకె

"మళ్లీ ఆగిపోయిందమ్మే!" అని పిండిమర యజమాని అరిచేసరికి స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి జారిపోయింది.

ఉదయగిరిలో ఉంది ఆ మర. మోటారును నడిపించే డ్రైవు పెట్టె కాలిపోతే, కొత్తది బిగించి రమ్మని ఆత్మకూరులో నేను పనిచేసే షాపువాళ్లు పంపారు. ఖాళీగా ఉంటే మోటారు హాయిగా తిరుగుతోంది. గింజలు పోయగానే డ్రైవు ఓవర్‌లోడ్ అని చూపించి ఆపేస్తోంది.

"తాత గింజలు ఎక్కువ పోస్తా ఉండాడన్నా," అనేశాను. నా నోరు అంతే, ఆగదు.

తాత అంటే మర ఆడించే పెద్దాయన. "రోజూ పోసేంతే పోసినా తల్లీ," అన్నాడు.

"నీకు చూపు ఆనడంలా. రేపట్నించి రాబాక," అన్నాడు యజమాని.

డబ్బాలతో వచ్చిన ఆడవాళ్లందరూ చూస్తుండగా తాత తలగుడ్డ విప్పి, ఒంటి మీది పిండి దులుపుకుని వెళ్లిపోయాడు. గింజలు తగ్గించి ఆడించుకోమని యజమానికి చెప్పి నేనూ బస్సెక్కేశాను.

షాపులో మా ఓనరు, నేను ఫోన్లో తీసిన, మోటారు లెక్కలుండే ప్లేటు ఫోటో చూశాడు. "డ్రైవులో ఎన్ని ఆంపియర్లు పెట్టినావు?"

"మూడు. ప్లేటు మీద అదే ఉండాది."

"అంత మోటారు మూడుతో పిండి ఆడిస్తాదా? ఎనిమిది మే ఇది! ఎడమ సగం కుంకం కింద ఉండాది, చూడు."

దసరాకి పెట్టిన బొట్టు. మర దగ్గర దాన్ని తుడవబోయి, బొట్టు చెరపకూడదని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కనబడినంత అంకె పెట్టేశాను. మోటారు అంతకు మించి కరెంటు లాగగానే డ్రైవు ఆపేస్తోంది.

"ఆ బొట్టు పెట్టింది తాతే అయ్యుంటాడు," అనబోయాను. మళ్లీ ఆయన మీదికే నెట్టబోతున్నానని తెలిసి, తలెత్తలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లి, దారి అడుక్కుంటూ తాత ఇంటి ముందు దిగబడ్డాను. ఆయన మేకలకు ఆకు వేస్తున్నాడు.

"తప్పు నాది తాతా. మరకాడికి రా."

"వస్తా గానీ, మళ్లీ ఆగితే నా గింజల మీద పెట్టబాక."

మర దగ్గర ప్లేటు తుడిచి, ఎనిమిది పెట్టి, "నిండా పొయ్యి తాతా," అన్నాను. పోశాడు. మర ఆగలేదు. యజమాని నా వైపు చూడకుండా, "ఆ డబ్బా కూడా ఎత్తు సామీ," అన్నాడు తాతతో.

వాళ్లిద్దరికీ అది చాలు. కానీ నిన్నటి ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. మర చప్పుడుకు మాట వినబడదు. అందుకని గొంతు చించుకుని అరిచాను: "తాత తప్పేం లేదక్కా! అంకె తప్పు పెట్టింది నేను!"