గేటు దగ్గర అప్పజెప్పిన పాఠం

ఆఫీసు గేటుకు కార్డు తాకిస్తే బీప్‌మంటుంది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా పెదాలు 'గో, వెంట్, గాన్' అంటాయి.

మా నాన్న హైటెక్ సిటీలో ఇలాంటి గేటు దగ్గరే సెక్యూరిటీ గార్డు. మేముండేది బోరబండలో. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, "ఇంగ్లీష్ వస్తెనే లోపలికి రానిస్తరు బిడ్డా" అన్నాడు. గేటు దగ్గర వెర్బులు అప్పజెప్పమంటారని అనుకున్నాను. రాకపోతే జన్మంతా బయటే ఉండాలన్న భయంతో అన్నం తింటూ, స్నానం చేస్తూ ముప్పై వెర్బులు బట్టీ పట్టాను.

ఒక మధ్యాహ్నం నాన్నకు అన్నం డబ్బా ఇవ్వడానికి అమ్మతో వెళ్లాను. నీలం చొక్కా ఆయన ఒకరు లోపలికి వెళ్తుంటే, ఎదురుగా నిలబడి, కళ్లు మూసుకుని ముప్పై వెర్బులూ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను.

"ఇంటర్వ్యూకి వచ్చావా అమ్మా?" అని ఆయన పక్కవాళ్లతో కలిసి నవ్వాడు. నాన్నవైపు తిరిగి, "పిల్లల్ని ఇక్కడికి తీసుకురాకూడదని తెలీదా?" అన్నాడు.

నాన్న తల వంచుకున్నాడు. "జర ఇంటికి తోల్కపోవే" అన్నాడు అమ్మతో.

ఎక్కడో తప్పు చెప్పి నాన్న పరువు తీశాననుకుని, వారం రోజులు ఏడుస్తూ మళ్లీ మొదటినుంచి చదివాను. నాన్న తల వంచింది నా పాఠానికి కాదని అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

ఆ నీలం చొక్కాను నేను మర్చిపోలేదు, మర్చిపోను. ఆ రోజు ముప్పైలో నేను ఒక్కటీ తప్పు చెప్పలేదు.